ఒకటికి ఒకటి కలిపితే 257

కంగారు పడకండి, లెక్కలు మర్చిపోలేదు. పోయిన సెమిస్టర్‌లో నా ప్రోగ్రామ్ నిజంగానే ఇలా కూడింది.

ఈఎక్స్‌టీ2 ఫైల్‌సిస్టమ్‌ని చదివే, రాసే కోడ్ ఒకటి సరదాగా సీ లో రాశాను. ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాస్. అదే కోడ్‌ని క్యూఈఎంయూలో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ తరహా మెషీన్ మీద నడిపి, ఒక ఫైల్‌కి హార్డ్ లింక్‌తో రెండో పేరు పెట్టాను. తర్వాత ఎఫ్ఎస్‌సీకే నడిపితే, లింక్ కౌంట్ 257 ఉంది, 2 ఉండాలి అంది.

సంగతేంటంటే, ఒక బైట్‌లో పట్టని సంఖ్యని ముక్కలు చేసి పెట్టాలి. ఏ ముక్క ముందు? మన ల్యాప్‌టాప్‌లు చిన్న స్థానం ముందు పెడతాయి: లిటిల్ ఎండియన్. ఆ మెయిన్‌ఫ్రేమ్ పెద్ద స్థానం ముందు: బిగ్ ఎండియన్. మనకీ రెండూ ఉన్నాయి. "ఇరవై ఐదు" అని పెద్ద స్థానం నుంచే పలుకుతాం. కానీ పాత శాసనాల్లో శక సంవత్సరాన్ని చంద్రుడు అంటే 1, నేత్రాలు అంటే 2 అని మాటల్లో చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టేవాళ్లు. అది తెలీకుండా చదివితే శతాబ్దాలే మారిపోతాయి.

ఈఎక్స్‌టీ2 డిస్క్ మీద ఎప్పుడూ లిటిల్ ఎండియనే. లింక్ కౌంట్‌కి 2 బైట్లు, 1 అంటే 01 00. దాన్ని ఆ మెషీన్ 256 అని చదివింది. ఒకటి కలిపి 257, అంటే 01 01, తిరిగి రాసేసింది. ఇక ఎటు నుంచి చదివినా 257! చదవడంలో తప్పైతే ప్రోగ్రామ్ ఆపేస్తే పోతుంది. రాయడంలో తప్పు డిస్క్ మీదే ఉండిపోతుంది. ఆ ఫైల్ రెండు పేర్లూ డిలీట్ చేసినా కౌంట్ 255 దగ్గర ఆగుతుంది. సున్నా కాదు కాబట్టి దాని జాగా ఖాళీ అవ్వదు.

ఫిక్స్ తేలికే: చదవగానే తిప్పు, లెక్క చెయ్యి, రాసేముందు మళ్లీ తిప్పు. నేను భయంతో కనిపించిన ప్రతిచోటా తిప్పేశాను. రెండుసార్లు తిప్పినచోట మళ్లీ మొదటికే! పైగా ల్యాప్‌టాప్‌లో ఆ తిప్పే ఫంక్షన్లు ఏమీ చెయ్యవు, అందుకే టెస్టులకి అనుమానమే రాదు.

లినక్స్ కెర్నల్ వాళ్లు డిస్క్ మీది సంఖ్యలకి వేరే టైపే పెట్టుకున్నారు. దాన్ని మామూలు సంఖ్యతో కలిపితే, లినస్ టోర్వాల్డ్స్ 2003లో మొదలుపెట్టిన స్పార్స్ అనే టూల్ గొడవ చేస్తుంది. నా కోడ్‌లోనూ ఆ టైపులు పెట్టి నడిపాను. నేను రెండు రాత్రులు కూర్చుని నాలుగు తప్పులు పట్టాను, అది క్షణాల్లో పదకొండు చూపించింది.

పన్నెండోది, ఫోర్స్ క్యాస్ట్ పెట్టి నేనే దాని నోరు మూయించిన చోట దొరికింది.