సూది గుచ్చరాని కంతి

పుచ్చకాయ లోపల ఎర్రగా ఉన్నదో లేదో తెలియాలంటే అంగడివాడు ఏం చేస్తాడు? చాకుతో చిన్న ముక్క కోసి చూపిస్తాడు. శరీరంలో కంతి పుట్టినప్పుడు వైద్యులు చేసేదీ ఇంచుమించు అదే. కంతినుంచి చిన్న ముక్క తీసి, సూక్ష్మదర్శినిలో చూసి, అది క్యాన్సర్ అవునో కాదో తేల్చుతారు. దీన్ని బయాప్సీ అంటారు.

మరి, కంతి కంటి లోపలే పుడితే? కనుగుడ్డు అడ్డుకొలత సుమారు 24 మిల్లీమీటర్లే. అందులో ముక్క కోస్తే చూపుకే ముప్పు రావచ్చు. అందుచేత పెద్దవాళ్ళకైతే, అవసరమైనప్పుడు, సుమారు అర మిల్లీమీటరు లావు గల సూదితో కంతిలోనుంచి కొద్దిపాటి కణాలను పీల్చి తీస్తారు.

కాని, పసిపిల్లల కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ సంగతి వేరు. ఇది సాధారణంగా అయిదేళ్ళ లోపు పిల్లలకు, కంటి వెనక ఉండే రెటీనా పొరలో పుడుతుంది. ఈ కంతికి సూది గుచ్చితే, ఆ దారివెంట క్యాన్సర్ కణాలు కంటి బయటికి రావచ్చు. కంటిలోనే ఉన్నంతకాలం ఈ జబ్బును చాలావరకు నయం చెయ్యవచ్చు. బయటికి పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

అయితే గుచ్చకుండా తెలుసుకోవటం ఎలా? బిడ్డకు మత్తు ఇచ్చి, చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసి, వెలుగు వేసి లోపల చూస్తారు. తరవాత మన చెవులకు వినిపించని శబ్దతరంగాలను కంటిలోకి పంపుతారు. ఈ కంతిలో తరుచు సున్నపు రేణువులు ఉంటాయి. అవి శబ్దాన్ని తిప్పికొట్టి, తెరమీద తెల్లగా కనిపిస్తాయి.

2017లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ వైద్యులు మరొక ఉపాయం ప్రకటించారు. కంతి ఉండేది కంటి వెనక. ముందుభాగంలో, అద్దంలాంటి పొర వెనక, తేటనీరు ఉంటుంది. ఈ జబ్బు వచ్చిన కళ్ళనుంచి ఆ నీరు చుక్క రెండు చుక్కలు తీసి పరీక్షిస్తే, కంతి తాలూకు డి.ఎన్.ఏ. తునకలు అందులో దొరికాయి. కంతిని ముట్టకుండానే దాని గుట్టు బయటపడింది! ఈ పరీక్ష ఇంకా అన్ని ఆస్పత్రులలోనూ లేదు.

అన్నిటికన్న ముందు చెయ్యవలసిన పరీక్ష మీ ఇంట్లోనే ఉన్నది. మీ తమ్ముడి ఫోటోలోగాని, చెల్లెలి ఫోటోలోగాని కంటిపాప తెల్లగా మెరుస్తున్నదా? కొత్తగా మెల్లకన్ను వచ్చిందా? భయపడకండి, ప్రతిసారీ అది క్యాన్సర్ కాదు. కాని వెంటనే అమ్మకూ, నాన్నకూ చెప్పి, కంటి వైద్యుడికి చూపించమనండి. మీరు చెప్పిన ఆ ఒక్క మాట ఒక కంటినీ, ఒక ప్రాణాన్నీ కాపాడవచ్చు.