ఇంటి చదువుకు ఎంతవుతుంది?

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. మూడో తరగతిలో సగం రోజులు బడికి పోనేలేదు. బస్సులో పోనూ రానూ రెండు గంటల దుమ్ము. ఇక లాభం లేదని నాలుగు, అయిదు తరగతులు ఇంట్లోనే చెప్పుకున్నాం. అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఎవరు కనిపించినా ముందు అడిగేది ఒకటే: “నెలకు ఎంతయిందమ్మా?” వాళ్లడిగేది పుస్తకాల ఖర్చు. అది నెలకు ఆరేడు వందలు దాటలేదు. అసలు ఖర్చు వేరే చోట ఉంది, దాని సంగతి ముందు చెప్పాలి.

అప్పటికి నేను ఒక ప్రైవేటు బళ్లో టీచరుని. జీతం 9,000. అది మానేశాను. అమ్మాయి ఫీజు, బస్సు డబ్బులు కలిపి నెలకు 3,500 మిగిలాయి. అంటే ప్రతినెలా 5,500 లోటు. సాయంత్రం పూట వీధిలో నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పి కొంత పూడ్చుకున్నాను. కాబట్టి ఇంటి చదువు గురించి ఆలోచించేవాళ్లు ముందు ఒక కాగితం తీసుకుని, ఇంట్లో ఎవరి పని గంటలు పోతాయి, వాటి విలువ ఎంత అని రాసుకోవాలి. పిల్ల ఇప్పుడు ప్రభుత్వ బడిలో ఉంటే ఈ లెక్క ఇంకా బరువవుతుంది. అక్కడ ఫీజు లేదు కనుక మిగిలేదీ ఉండదు. మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, బట్టలు పోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడికి పంపే తల్లులకు ప్రభుత్వమిచ్చే ‘తల్లికి వందనం’ డబ్బుకు 75 శాతం హాజరు షరతు ఉంది, అదీ పోతుంది. డబ్బు ఆదా అవుతుందని మాత్రమే బడి మాన్పించాలనుకునేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. ఆరోగ్యమో, దూరమో, బడిలో పిల్ల నలిగిపోవడమో, గట్టి కారణం ఒకటి ఉండాలి.

చట్టం భయం చాలామందికి ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు శిక్ష అని మాత్రం అందులో ఎక్కడా లేదు. ఇంటి చదువుకు పేరుపెట్టి అనుమతీ లేదు. రెంటికీ మధ్య ఉన్న చోటులో నడుస్తున్నామని తెలిసి నడవాలి. ధైర్యమిచ్చే సంగతి కూడా ఆ చట్టంలోనే ఉంది. బడికి దూరమైన పిల్ల మళ్లీ వస్తే వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలి.

ఇక రోజు ఎలా నడుస్తుందో చూద్దాం. నలభైమంది ఉన్న తరగతిలో నలభై నిమిషాల పీరియడ్ అంటే ఒక్కో పిల్లకు టీచరు దగ్గర దొరికేది ఒక్క నిమిషం. నేను ఆ గదిలో నిలబడి చెప్పినదాన్నే కాబట్టి ఇది నాకు బాగా తెలుసు. ఇంట్లో పక్కన కూర్చుని చెబితే ప్రాథమిక తరగతుల పాఠం రోజుకు రెండు, రెండున్నర గంటల్లో తెమిలిపోతుంది. ఇంట్లో కూడా బడి గంటలన్నీ నడపాలని చూస్తే పిల్లా తల్లీ ఇద్దరూ నెలలోపే విసిగిపోతారు.

పాఠానికి కావలసిన సరుకు ఇంట్లోనే ఎంత ఉందో నాకు కరెంటు బిల్లు నేర్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వచ్చిన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, తర్వాతి 45కు 3 రూపాయలు, ఆ పైన 125 దాకా 4.50. ఒక నెల మేం కాల్చింది 110 యూనిట్లు. అమ్మాయి నేల మీద బోర్లా పడుకుని వేసింది: 30 యూనిట్లకు 57 రూపాయలు, 45కు 135, మిగిలిన 35కు 157.50. మొత్తం 349.50. బిల్లులో ఉన్నది అంతకంటే బాగా ఎక్కువ. తన లెక్కే తప్పనుకుని మూడుసార్లు కూడింది. తర్వాత ఇద్దరం కూర్చుని బిల్లులో కింది వరుసలు చదివాం: ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు. “మొదటి ముప్పై ఎందుకంత చవక?” అని అడిగింది. ఒక్క దీపం, ఒక్క ఫ్యానుతో గడిపే ఇళ్ల గురించి ఆ మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నాం. దశాంశాలు, సాంఘికశాస్త్రం ఒక్క పూటలో అయ్యాయి.

సైన్సుకు అరవింద్ గుప్తా చూపిన దారి ఉంది. ఐఐటీలో చదివిన ఇంజనీరు, చెత్తలోంచి బొమ్మలు చేయించడమే జీవితంగా పెట్టుకున్నారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. సైకిల్ వాల్వ్ ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, వాటిలో అగ్గిపుల్లల కొసలు దూర్చి ఆకారాలు కట్టడం ఆయన నేర్పిందే. పుల్లల తలల మందు ముందే గీకేయాలి. చతురస్రం కడితే వేలితో తోయగానే పక్కకు వాలిపోతుంది. త్రిభుజం ఎటు నొక్కినా కదలదు. అది చూశాక మా అమ్మాయి కరెంటు టవర్లలో, రేకుల షెడ్డు దూలాల్లో త్రిభుజాలు వెతకడం మొదలుపెట్టింది.

పుస్తకాలకు డబ్బు పెట్టాల్సింది చాలా తక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలూ ఆన్‌లైన్‌లో ఉచితం, చాలావాటిలో ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటుంది. ఇంగ్లీషు రాని తల్లికి అంతకంటే మంచి సాయం నాకు తెలియదు. కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ ఉంది, తెలుగు కథలు ప్రింటు తీసుకున్నా అడిగేవాళ్లు లేరు. పాత పుస్తకాలకు విజయవాడ లెనిన్ సెంటరు, హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్. వీటన్నిటికంటే ముందు గ్రంథాలయం. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. డబ్బు కట్టేసి, లోపలికి అడుగుపెట్టని ఇళ్లు ఎన్నో! వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది. అలాంటి చోటికి పిల్లను ఒక్కసారైనా తీసుకెళ్లాలి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదటి నెలలోనే ఒక కంపెనీ మనిషి ఇంటికొచ్చి ట్యాబు, వీడియో పాఠాలు అంటగట్టాడు. వాయిదాల మీద 24,000. అమ్మాయి మూడు వారాలు చూసింది, వాయిదాలు ఏడాదిన్నర కట్టాం. అప్పటి నుంచి ఏదైనా కొనబోయే ముందు నెలరోజులు ఆగడం అలవాటు చేసుకున్నాను. ఆ నెలరోజుల్లో సగం వస్తువుల అవసరమే తీరిపోతుంది.

పెద్ద తరగతుల వరకూ ఇంట్లోనే చదివించాలనుకుంటే సర్టిఫికెట్ దారి ముందే తెలుసుకోవాలి. కేంద్రం నడిపే ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్ ఉంది, రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి, పిల్ల పన్నెండేళ్లకే అన్నీ నేర్చేసినా ఆగాల్సిందే. ఎన్‌ఐఓఎస్‌లో అయిదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకోవచ్చు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. ఒక భాష తప్పనిసరి, మిగిలిన సబ్జెక్టులు మన ఇష్టం, అంటే లెక్కలు వదిలేయడానికీ వీలుంది. ఇక్కడే చాలామంది జారతారు. లెక్కలు లేకపోతే పాలిటెక్నిక్, ఇంటర్ ఎంపీసీ తలుపులు అప్పుడే మూసుకుంటాయి. పద్నాలుగేళ్ల పిల్ల భయపడిందని ఆ నిర్ణయం తీసుకోకూడదు.

డబ్బుతో దొరకనిది స్నేహం. అందుకు సాయంత్రాలు మైదానానికి తీసుకెళ్లడం తప్ప నాకు వేరే ఉపాయం దొరకలేదు. రెండేళ్లూ అమ్మాయికి లోటంటే అదొక్కటే. ఆయాసం తగ్గాక ఆరో తరగతికి ఇంటి దగ్గరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్చాం. మార్కుల కాగితాలేవీ లేవు, తేదీలు వేసి రాసుకున్న నాలుగు నోటు పుస్తకాలు పట్టుకెళ్లాను. హెడ్మాస్టరు గారు పేజీలు తిప్పుతూ కరెంటు బిల్లు అతికించిన చోట ఆగారు. కాసేపు చదివి, సుద్దముక్క తీసి అమ్మాయి చేతిలో పెట్టి, “ఇదెలా చేశావో బోర్డు మీద చూపించమ్మా” అన్నారు.