తన్నే గేదెతో చెలిమి

పాలిచ్చే గేదె తన్నినా పడాలంటారు. చిన్నప్పటినుంచీ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! నిజం చెప్పొద్దూ, గేదెల గురించి విన్నది తక్కువ, సంపాదించి తెచ్చే మొగుళ్ళ గురించి విన్నదే ఎక్కువ. తీరా మా ఇంట్లో గేదె తన్నిన రోజున మాత్రం ఆ సామెత ఎవరికీ గుర్తు రాలేదు. మా వారు కర్ర కోసం వెతికారు. పాలు తీసే అబ్బాయి చెయ్యి పట్టుకుని సావిట్లో కూలబడిపోయాడు. వేలు విరిగింది పాపం. మా అత్తయ్యగారు గుమ్మంలోంచే "రేపే అమ్మిపారేయండి దీన్ని" అన్నారు.

మాది కడియం. ఈ పేరు చెప్పగానే అందరికీ నర్సరీలు గుర్తొస్తాయి. కడియపులంక వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా పూలమొక్కలే. ఆ మొక్కల మొదట్లో వేసే పేడ ఎవరి సావిట్లోంచి వస్తుందో ఎవరూ అడగరనుకోండి. మా పెరట్లో ఎప్పుడూ ఒక పాడి ఉండేది. ఇంట్లోకి పాలు, రెండిళ్ళకి వాడిక, పేడ నర్సరీ వాళ్ళకి. ఆ డబ్బు మీద పెత్తనం అత్తయ్యగారి తర్వాత నాకొచ్చింది. ఇంట్లో నాదని చెప్పుకోగలిగిన డబ్బు అదొక్కటే.

2022లో పాత గేదె వట్టిపోయింది. శ్రావణమాసంలో మా వారు ఒక పాల షెడ్డు నుంచి మూడో ఈత గేదెని తోలుకొచ్చారు. ముర్రా పోలిక, నుదుట తెల్ల చుక్క. పూటకి నాలుగు లీటర్లు ఇస్తుందన్నారు. బజారు ధరకి సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అంత చవగ్గా ఎందుకిస్తున్నాడని అప్పుడే అడగాల్సింది. దూడ ఏదని మాత్రం అడిగాను. "దున్నదూడండి, పోయిందండి" అన్నాడు తోలుకొచ్చిన కుర్రాడు. పాలషెడ్డులో దున్నదూడ ఎలా పోతుందో పాడి తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. దానికి పోసే పాలు దండగని ఆకలితో మాడుస్తారు. మనుషుల్లో ఆడపిల్లకి పట్టే గతి గేదెల్లో మగదూడకి పడుతుంది.

మర్నాడు పొద్దున్న కుడితి పెట్టి, పాలబ్బాయి చెంబుతో కూర్చున్నాడో లేదో ఒక్కటే తన్ను. సాయంత్రం నాలుగు కాళ్ళకీ బంధాలు వేసి పితికారు. పావు లీటరు వచ్చింది. గేదె పాలు ఎగజేపేసింది. అబ్బాయి వేలు విరిగింది ఆ మర్నాడు. "అమ్మగారూ, ఇది గేదె కాదండి, రాకాసండి బాబూ" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తోలుకొచ్చిన కుర్రాడికి ఫోను చేస్తే అసలు సంగతి బయటపడింది. అక్కడ రెండు పూటలా ఇంజక్షను పొడిచి పితికేవారట. "ఓ సీసా పంపిస్తానండి, ఇబ్బంది ఉండదు" అన్నాడు. మా వారికి ఆ మాట నచ్చింది. నాకు నచ్చలేదు. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు.

అమ్మేయొచ్చు కదా అంటారేమో. తన్నే గేదెని, పాలు చేపని గేదెని, పాడికోసం ఎవరు కొంటారండీ? కబేళా వాడు కొంటాడు. పెట్టిన డబ్బులో సగం కూడా రాదు. ఆ రాత్రి సావిట్లోకి వెళ్ళి చూస్తే అది పడుకోలేదు. గోడ వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. నేను లైటు వేయగానే కుడి వెనక కాలు ఎత్తి పట్టుకుంది. నేనింకా పది అడుగుల దూరంలో ఉన్నాను. తన్నడానికి కాదు, భయపడి ఎత్తిందని అప్పుడు తోచింది.

పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చి పొదుగు చూసింది. పొదుగువాపు ఇంకా రాలేదనీ, ఇలాగే పాలు నిలవుంటే వస్తుందనీ హెచ్చరించింది. తర్వాత గట్టు మీద కూర్చుని ఆవిడ చెప్పిన సంగతులు నాకు ఎంత కొత్తవో! ఆవు పొదుగులో పాలలో దాదాపు అయిదో వంతు కిందికి దిగి సిద్ధంగా ఉంటాయట. గేదెకి అలా కాదు. నూటికి 95 పాళ్ళు పైనున్న సన్నటి పాలగ్రంథుల్లోనే ఉంటాయి. మెదడునుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను వచ్చి ఆ గ్రంథుల్ని పిండితే తప్ప కిందికి దిగవు. దూడ కుమ్మినా, మనిషి చెయ్యి మెల్లగా తాకినా అది వస్తుంది. గేదెకి రెండు నిమిషాలదాకా పట్టొచ్చు, కొన్ని నిమిషాల్లో పనైపోతుంది. ఆ లోపే పితుక్కోవాలి. మనకీ ఉన్నది అదే హార్మోను. పసిబిడ్డ పక్కగదిలో ఏడిస్తే ఇక్కడ జాకెట్టు తడిసిన తల్లులకి వేరే చెప్పాలా? అమెరికాలో విన్సెంట్ డ్యూ విన్యో దాన్ని 1953లో ప్రయోగశాలలో తయారుచేసి 1955లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ప్రసవాల్లో ఎందరి ప్రాణాలో కాపాడిన మందు అది. అదే పాలషెడ్లలో లేబులు లేని సీసాల్లోకి చేరింది. హాని చేసే మందు పాలకోసం పశువుకి పొడిస్తే రెండేళ్ళదాకా జైలు వేయొచ్చని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షనులో ఉంది. ఉంది, అంతే.

భయపడితే ఆ హార్మోను పనిచేయదు. 1941లో ఎలీ, పీటర్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆవు వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, పక్కన కాగితం సంచులు ఫట్ ఫట్‌మని పగలగొట్టి చూశారట. ఆవు పాలు చేపడం మానేసింది. మా సావిట్లో పిల్లి లేదు గానీ, తాళ్ళూ కర్రా అరుపులూ ఉన్నాయి కదా!

"బంధాలు విప్పేయండి. కొట్టొద్దు. కానీ తన్నగానే పారిపోవద్దు కూడా" అంది డాక్టరమ్మ. ఈ ఆఖరి మాటలోనే ఉంది కిటుకంతా. తన్నినప్పుడల్లా మనం ఎగిరి దూరం జరిగితే, 'ఓహో, తన్నితే ఈ చెయ్యి పోతుంది' అని దానికి పాఠం చెప్పినట్టే. కొడితే భయం పెరుగుతుంది. అందుకని చెయ్యి అక్కడే ఉండాలి. అది ఒక్క క్షణం కదలకుండా నిలబడగానే చెయ్యి తీసేయాలి. ఊరుకుంటే చెయ్యి పోతుందని తెలియాలి దానికి.

చెప్పినంత సులువా? కాలు పడితే నా గతేంటి? పొడవాటి వెదురు కర్ర చివర పాత గుడ్డ చుట్టి, అదే నా చెయ్యి అనుకున్నాను. కర్ర చూడగానే చుక్క గోడకి అతుక్కుపోయింది. దానికి కర్రంటే ఒక్కటే అర్థం మరి. రెండు రోజులు ఆ కర్రని కుడితి తొట్టి పక్కనే పడేసి ఉంచాను. మూడోరోజు భుజం మీద గుడ్డ ఆనించాను. చర్మం వణికింది, కాసేపటికి ఆగింది. వెంటనే తీసేశాను. భుజం, వీపు, పక్కటెముకలు, తొడ... రోజుకి జానెడు చొప్పున జరిగాను. తొడ దగ్గర గుడ్డని ఇరవైసార్లు తన్నింది. ఇరవై ఒకటోసారి తన్నలేదు.

ఈ లోపు పాలమాటేమిటి? రోజూ గోరువెచ్చని నీళ్ళతో కాపడం, కాళ్ళకి అందకుండా దూరంగా వంగి చేత్తో తీసినంత తీయడం. చెంబు అడుగు తడిసేది. అత్తయ్యగారు కాఫీకి పాకెట్టు పాలు తెప్పించి, ఆ పాకెట్టు నాకు కనిపించేలా వంటింటి గట్టు మీద పెట్టేవారు.

కథలు రాసే అలవాటుంది కనుక పుస్తకాలు తిరగేస్తాను. మన మనుమంచి భట్టు గుర్రాల గురించి పద్యకావ్యమే రాశాడు. ఇంగ్లీషువాళ్ళ కథల్లో క్రూయిజర్ అనే గుర్రం ఉంది. మనుషుల్ని కరిచి చంపుతుందని మూతికి ఇనప బుట్ట తొడిగి కట్టేశారు. 1858లో జాన్ రేరీ అనే అమెరికావాడు వెళ్ళి మూడు గంటల్లో దాన్ని లొంగదీశాడు, విక్టోరియా రాణి ముందు కూడా తన విద్య ప్రదర్శించాడు. చదివి ఆశపడ్డాను. తీరా చూస్తే ఆయన కిటుకు ముందుకాలు మడిచి కట్టేయడం. కట్టాక నిమిరేవాడు, మెల్లగా మాట్లాడేవాడు, కొట్టేవాడు కాదు, అది ఒప్పుకోవాలి. కానీ కాలు కట్టడం మా వాళ్ళు ముందే చేసి చూశారుగా! పైగా ఆయనకి మూడు గంటల్లో జనం చప్పట్లు కొట్టాలి. నాకు పాలు కావాలి, అవి మూడు గంటల్లో దిగవు.

తొమ్మిదోరోజు ఇంకో సంగతి కనిపెట్టాను. నేను స్టీలు బకెట్టు పట్టుకురాగానే, బకెట్టు కడ్డీ 'టంగు'మనగానే, చుక్క కాలు లేస్తోంది. అంటే నన్ను చూసి కాదు! ఆ షెడ్డులో బకెట్టు చప్పుడు, వెంటనే సూది. సూది కుడి తొడ మీద, పితికేవాడు కూర్చునేదీ కుడివైపే. ఆ సాయంత్రమే బకెట్టు మార్చేశాను, ప్లాస్టిక్‌ది తీసుకున్నాను. ఎడమవైపు కూర్చున్నాను. అటు సూది ఎప్పుడూ పడలేదు కాబోలు, మెడ తిప్పి నన్ను ఒకసారి చూసి ఊరుకుంది.

పన్నెండోరోజు తెల్లవారుజామున అయిదింటికి కాబోలు. కుడితి తాగుతోంది. నేను పొదుగు కడిగి, అరచేత్తో నిమురుతూ నాకొచ్చిన లాలిపాట ఏదో గొణుక్కుంటున్నాను. పాట అయిపోయి మళ్ళీ మొదలెట్టాను. ఉన్నట్టుండి చన్నులు నిండి బిగిశాయి. చుక్క చెవులు వాల్చేసింది. మొదటి ధార బకెట్టులో పడిన చప్పుడుకి నాకు ఏడుపొచ్చింది. లీటరున్నర. అత్తయ్యగారికి చూపిద్దామని బకెట్టు ఎత్తుకుని పరిగెత్తబోయి, మళ్ళీ అది బెదురుతుందని మెల్లగా నడిచాను. ఆవిడ బకెట్టులోకి చూసి, "నురగ తీసేస్తే లీటరే ఉంటుందమ్మాయ్" అన్నారు. కాఫీ మాత్రం ఆ పాలతోనే పెట్టమన్నారు.

ఇంజక్షనుతో వచ్చే నాలుగు లీటర్లు ఆ ఈతలో ఎప్పుడూ రాలేదు. పూటకి రెండున్నర దాటలేదు. ఇది దాచుకోకుండా చెప్పాలి. స్టీలు బకెట్టు తిరిగి తేవడానికి మూడు నెలలు పట్టింది. కుడివైపుకి రావడానికి ఇంకో రెండు నెలలు. మధ్యలో డాక్టరమ్మ టీకా వేయడానికి వచ్చిన రోజున మళ్ళీ మొదటికొచ్చింది. వారం రోజులు భుజం దగ్గరనుంచి మొదలెట్టాను.

2023 దసరా వెళ్ళాక ఈనింది. మళ్ళీ దున్నదూడే! జున్నుపాలు ముందు దూడకి పట్టించాకే గిన్నె తీశాను. ఈని గంట కాలేదు, నేను దూడ వొళ్ళు తుడుస్తుంటే చుక్క నా మోచెయ్యి కూడా నాకింది. "దున్నదూడకి ఒక చన్ను వదిలేస్తావా, దండగ కాదూ" అన్నారు పక్కింటి పిన్నిగారు. వదిలేశాను. ఆ ఈత పాలు పూటకి మూడున్నర.

కానీ ఇప్పుడు దమ్ము చేసేది ట్రాక్టర్లు. దున్నని మేపి ఏం చేస్తాం? ఎనిమిది నెలలకి అమ్మేశాం. కొన్నవాడు ఎందుకు కొంటున్నాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. చుక్క మూడు రోజులు అరిచింది. ఆ మూడు రోజులూ నేను పాలకి వెళ్తే తన్నలేదు. నా వైపు చూడనూ లేదు. రెండో రోజు పాలు ఎగజేపింది. ఆ పూట ఖాళీ బకెట్టుతోనే పక్కన కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఇప్పుడు ఐదో ఈత పాడి. ఈసారి పెయ్యదూడ, ఇంట్లోనే ఉంటుంది. నాకో చిక్కు మాత్రం మిగిలింది. చుక్క నన్ను తప్ప ఎవర్నీ రానివ్వదు. పుట్టింటికి వెళ్ళాలంటే దానికి చెప్పి వెళ్ళాలి. నిరుడు నాకు జ్వరం వచ్చినప్పుడు మా వారు నా పాత నేతచీర భుజాల మీద కప్పుకుని వెళ్ళారు. మా వైపు ఇది కొత్తేం కాదు లెండి, చాలా ఇళ్ళల్లో మగవాళ్ళు చేసేదే. చుక్క చీర వాసన చూసిందట, తల ఎత్తి ఆయన మొహం చూసిందట. ఆయన్ని ఏమీ అనలేదు, బకెట్టుని మాత్రం ఒక్క తన్ను తన్నింది. దాంతో ఆయనకి పట్టుదల వచ్చింది. అప్పటినుంచీ సాయంత్రాలు కుడితి ఆయనే పెడుతున్నారు. కొబ్బరిపీచుతో వీపు రుద్దుతున్నారు. కర్రకి గుడ్డ ఎలా చుట్టానో నన్ను అడిగి తెలుసుకున్నారు.

మొన్న ఆదివారం చీర లేకుండా లుంగీతోనే వెళ్ళి రెండు లీటర్లు తెచ్చారు. మిగతా లీటరున్నర నేను వెళ్ళి తెచ్చాను.