పాత కారుకు కొత్త ఊపిరి

ఒకప్పుడు మన రోడ్లపై ఏ మూల చూచినను అంబాసిడర్ కారే కనబడుచుండెడిది. కలకత్తా సమీపమున ఉత్తరపాడాలోని కర్మాగారములో అది 2014 వరకు తయారైనది. చాలాకాలము దానికి 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఉండెడిది. ఆ ఇంజను పుట్టినిల్లు ఇంగ్లండు. బ్రిటిష్ మోటారు కార్పొరేషను వారు ‘బి’ శ్రేణి అని పిలిచిన ఇంజనుల కుటుంబములోనిది అది. ఆ కుటుంబములోనే దానికొక తోబుట్టువు కలదు. అది 1798 ఘన సెంటీమీటర్లది, ఎం.జి.బి. అను స్పోర్ట్సు కారును నడిపినది. ఈ రెండు ఇంజనులలోను పిస్టను పైనుండి క్రిందికి నడచు దూరము ఒక్కటే - 88.9 మిల్లీమీటర్లు. సిలిండరు వెడల్పులో మాత్రమే భేదమున్నది.

ఎం.జి.బి. కారును 1962 మొదలు 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమున ఐదు లక్షలకు పైగా తయారు చేసిరి. నేటికిని ఆ దేశమున అనేకులు ఇంటివద్ద షెడ్డులో, సెలవు దినములలో, ఈ కారును విప్పి బాగుచేసుకొనుచుందురు. 1988 నుండి దీని ఉక్కు దేహమును కూడ పాత అచ్చులతోనే మరల తయారు చేయుచున్నారు. ఇంజను భాగములును పాతవాటి రూపముననే దొరకుచున్నవి.

రూపము పాతదైనచో సరిపోవునా? నాటి పెట్రోలు నేడు లేదు. నాటి నూనెయు లేదు. పాత భాగమును ఉన్నదున్నట్లు బిగించినచో ఇంజను చెడవచ్చును. ఇష్టము వచ్చినట్లు మార్చినచో అది పాత కారే కాకపోవచ్చును. ఏది నిలుపవలెను, ఏది మార్చవలెను అను ఈ ప్రశ్నకు సమాధానము భౌతిక, రసాయన శాస్త్రములలోనే ఉన్నది.

కొలత తరువాతనే కొనుగోలు

ఇంజను విప్పినవాడు మొదట చేయవలసినది కొత్త భాగములు కొనుట కాదు, పాతవాటిని కొలుచుట. విప్పిన ప్రతి భాగమునకు చీటీ కట్టి, ఏ సిలిండరు పిస్టనును ఆ సిలిండరు పేరనే దాచవలెను. తరువాత మైక్రోమీటరుతో సిలిండరు వ్యాసమును పైన, నడుమ, క్రింద, రెండు దిశలలో కొలువవలెను. పిస్టను కడ్డీ వంపుగా నెట్టుటవలన సిలిండరు అన్ని వైపుల సమముగా అరగదు. గుండ్రని రంధ్రము క్రమముగా కోలగా మారును. అరుగుదల మితిమించినచో రంధ్రమును కొద్దిగా పెద్దది చేయించి, దానికి తగిన పెద్ద పిస్టనులను వేయుదురు.

ఇచ్చట ఒక చిన్న లెక్క. ఎం.జి.బి. సిలిండరు వ్యాసము 80.26 మి.మీ. పిస్టను నడక 88.9 మి.మీ. కావున ఒక్కొక్క సిలిండరు ఘనపరిమాణము సుమారు 449.8 ఘన సెం.మీ. అగును. సంపీడన నిష్పత్తి 8.8. అనగా పిస్టను క్రింద ఉన్నప్పుడు దానిపైనున్న చోటు, అది పైకి వచ్చినప్పుడు మిగిలిన చోటునకు 8.8 రెట్లు. మిగిలిన చోటు ఎంత? 449.8ని 7.8 చేత భాగించిన 57.7 ఘన సెం.మీ. వచ్చును.

ఇప్పుడు సిలిండరును అంగుళములో వెయ్యింట 30 వంతులు, అనగా 0.76 మి.మీ. పెద్దది చేసితిమనుకొనుడు. ఒక్కొక్క సిలిండరు 458.3 ఘన సెం.మీ. అగును, నాలుగును కలిపి 1833. పైనున్న చోటు మారలేదు గనుక సంపీడన నిష్పత్తి 8.94కు పెరుగును. మార్పు చిన్నదే. కాని సిలిండరు తలను కూడ అరగదీసి చదును చేసినచో నిష్పత్తి ఇంకను పెరిగి, పెట్రోలు సకాలమునకు ముందే తనంతట తాను అంటుకొని, ఇంజనులో ‘టకటక’మను చప్పుడు పుట్టును. అది కొనసాగినచో పిస్టను పగులును. కావున ప్రతి మార్పునకు ముందు కాగితముపై లెక్క కట్టుట అవసరము.

సీసముతో వచ్చిన చిక్కు

1921లో అమెరికాలో థామస్ మిడ్జిలీ అను ఇంజనీరు టెట్రాఈథైల్ సీసమను పదార్థమును కొద్దిగా కలిపినచో పెట్రోలు అకాలమున అంటుకొనదని కనుగొనెను. అదికాక దానివలన మరొక ఉపకారము కూడ జరిగెను. కాలిన పొగను బయటికి పంపు కవాటము ఇంజను పనిచేయునప్పుడు సుమారు 700 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాగును. అది క్షణక్షణము తన పీఠముపై వచ్చి కొట్టుకొనుచుండును. పెట్రోలు కాలగా మిగిలిన సీసపు సమ్మేళనములు ఆ పీఠముపై పలుచని పొరగా పేరుకొని, రెండు లోహములు నేరుగా తాకకుండ మెత్త వలె కాపాడెడివి. ఈ రక్షణ ఉన్నందున బి శ్రేణి ఇంజనులో కవాట పీఠమును విడిగా చేయక, తల పోత ఇనుములోనే కోసిరి.

కాని అదే సీసము పొగగొట్టము నుండి గాలిలో కలిసి మనుష్యుల రక్తములో చేరినది. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయునని తేలిన తరువాత దేశములన్నియు దానిని వరుసగా మానివేసినవి. బ్రిటనులో 1999 చివరకు, భారతదేశములో 2000 సంవత్సరమున సీసపు పెట్రోలు అమ్మకము ఆగినది. అన్నిటికంటె చివర 2021లో అల్జీరియాలో నిలిచినది. పాత కార్ల కొరకు దానిని మరల కోరుట ఎవరికిని న్యాయము కాదు.

మెత్త పోయిన పీఠమునకు ఏమగును? కాగిన కవాటము పీఠమును కొట్టినప్పుడు ఇనుప రేణువులు కవాటమునకు అతుకుకొని, అది లేచునప్పుడు ఊడి వచ్చును. ఆ రేణువులు ఆక్సైడుగా మారి గరుకుకాగితము వలె పీఠమును అరగదీయును. కవాటము క్రమముగా తలలోనికి దిగబడును. దాని కాడ చివర పైకి లేచి, దానిని త్రొక్కు రాకరు చేతికి మధ్య ఉండవలసిన సందు తగ్గును. ఎం.జి.బి.లో ఈ సందు అంగుళములో వెయ్యింట 15 వంతులు, అనగా 0.38 మి.మీ. ఉండవలెను. అది పూర్తిగా మూసుకొనిపోయినచో కవాటము పీఠముపై సరిగా కూర్చుండదు. మంట సందులోనుండి దూకి కవాటపు అంచును కాల్చివేయును. సరిచేసిన సందు కొద్ది వందల మైళ్లలోనే మాటిమాటికి తగ్గుచున్నచో పీఠము అరుగుచున్నదని గ్రహింపవచ్చును. ఇంజను విప్పనక్కరలేకుండ, ఒక సన్నని ఉక్కురేకు కొలతతోనే రోగము తెలియును.

దీనికి మందు గట్టి మిశ్రలోహపు వలయము. తలలో పీఠమున్న చోట గాడి తొలిచి, దానికంటె కొంచెము పెద్దదైన వలయమును అందు దిగగొట్టుదురు. పెద్దది చిన్నదానిలో ఎట్లు దిగును? లోహములు చల్లబడిన కుంచించుకొనునని పాఠశాలలో చదివియుందుము. 36 మి.మీ. వ్యాసముగల ఇనుప వలయమును పొడి మంచులో ఉంచి 100 డిగ్రీలు చల్లార్చినచో దాని వ్యాసము సుమారు 0.04 మి.మీ. తగ్గును. తలను కొంచెము వేడిచేసినచో గాడి వ్యాకోచించును. అప్పుడు వలయము సులువుగా దిగి, రెండును ఒకే ఉష్ణోగ్రతకు వచ్చిన పిమ్మట ఊడరాకుండ బిగిసిపోవును. ఎడ్లబండి చక్రమునకు కమ్మరి ఇనుప పట్టాను కాల్చి తొడుగునదియు ఈ సూత్రముతోనే. అయితే గాడి తొలచుట ఇంటివద్ద కాదగిన పని కాదు. మంచి యంత్రశాలకు పంపవలెను. పని ముగిసిన తరువాత తలను బయటనుండి చూచినవారికి ఏ మార్పును కనబడదు.

తనను తాను సవరించుకొను కార్బ్యురెటరు

ఈ కారులోని జంట ఎస్.యు. కార్బ్యురెటర్లు చూడదగిన వస్తువులు. స్కిన్నర్ సోదరుల పేరుమీదుగా వచ్చిన పేరది. దోమల మందు కొట్టు పంపులో గాలి వేగముగా గొట్టపు మూతిమీదుగా పోవునప్పుడు అచ్చట పీడనము తగ్గి మందు పైకి లేచును గదా! కార్బ్యురెటరులో పెట్రోలు లేచుటయు అట్లే. చిక్కు ఏమనగా, ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు గాలి తక్కువ, వేగముగా తిరుగునప్పుడు ఎక్కువ. రంధ్రము ఒకే తీరున ఉన్నచో పాళ్లు చెడును.

ఎస్.యు.లో గాలిదారికి అడ్డముగా ఒక చిన్న పిస్టను వ్రేలాడుచుండును. గాలి ఎక్కువైనకొలది పైభాగమున పీడనము తగ్గి పిస్టను లేచి దారిని వెడల్పు చేయును. అందువలన గాలి వేగము ఇంచుమించు ఒకే తీరున ఉండును. పిస్టను అడుగున మొన వైపునకు సన్నబడు సూది ఒకటి పెట్రోలు రంధ్రములో దిగియుండును. పిస్టను లేచినప్పుడు సూదియు లేచి, రంధ్రము చుట్టు సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వచ్చును. పాళ్లన్నియు ఆ సూది వాలులోనే ఉన్నవి. పిస్టను తటాలున ఎగురకుండ దాని కాడలో కొంచెము నూనె పోసి ఉంచుదురు.

రెండు కార్బ్యురెటర్లును సమముగా గాలి పీల్చుచున్నవా అని తెలుసుకొనుటకు ఖరీదైన సాధనము అక్కరలేదు. ఒక రబ్బరు గొట్టము కొనను వాటి మూతులవద్ద ఉంచి, రెండవ కొనను చెవివద్ద పెట్టి, ‘సుయ్’మను ధ్వనిని పోల్చి మరలను త్రిప్పుదురు.

ఇచ్చట కూడ కాలము మార్పు తెచ్చినది. బ్రిటనులో 2021 సెప్టెంబరు నుండి సాధారణ పెట్రోలులో 10 శాతము వరకు ఇథనాలు ఉండుచున్నది. మన దేశములో 2025 నాటికి అది 20 శాతమునకు చేరినది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు బరువున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఇథనాలుకు సుమారు 9 పాళ్లే చాలును. కావున పాత సూదితో ఇంజనుకు ఇంధనము చాలక వేడెక్కవచ్చును. కొంచెము సన్నని సూది వేయవలసి వచ్చును. ఇథనాలు పాత రబ్బరును మెత్తబరచును, గాలిలోని తేమను పీల్చును. పెట్రోలు గొట్టము పగిలి చుక్కలు కాగిన పొగగొట్టముపై పడినచో కారు, షెడ్డు రెండును దగ్ధమగును. అందుచేత గొట్టములు పాత రూపమున ఉన్నను, లోపలి రబ్బరు ఇథనాలుకు ఆగునదై ఉండవలెను.

రవ్వ, నూనె, దుమ్ము

ఇంజను నిమిషమునకు 3000 సారులు తిరుగునప్పుడు నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు 100 రవ్వలు కావలెను. పాత పద్ధతిలో రెండు లోహపు మొనలు అన్ని సారులు విడివడి రవ్వను పుట్టించును. అందుచే అవి త్వరగా అరిగి కాలము తప్పును. ఇప్పుడు డిస్ట్రిబ్యూటరు మూత క్రింద ఇమిడిపోవు చిన్న ఎలక్ట్రానిక్ పరికరము ఆ పని చేయగలదు. అయితే 1967 వరకు వచ్చిన ఎం.జి.బి. కార్లలో బ్యాటరీ ధన ధ్రువమును కారు దేహమునకు కలిపెడివారు. ఇది తెలియక తీగలు కలిపినచో ఆ పరికరము క్షణములో కాలిపోవును.

ఈ ఇంజనులో కామ్ షాఫ్టు ఉబ్బులు టాపెట్ల చదునైన అడుగులపై రాచుకొని పోవును. అచ్చట జింకు, భాస్వరములున్న నూనె పొర రక్షణ. నేటి కార్ల పొగశుద్ధి పరికరములు చెడకుండ కొత్త నూనెలలో ఈ ద్రవ్యమును తగ్గించిరి. పాత ఇంజనుకు అది తగినంత ఉన్న నూనెనే ఎన్నుకొనవలెను. కొత్త కామ్ షాఫ్టు వేసినప్పుడు ఇంజనును మొదట నెమ్మదిగా తిరుగనీయక, నిమిషమునకు సుమారు 2000 సారుల వేగమున ఇరవై నిమిషములు నడిపి పదును చేయుదురు.

పాతది ఎంత ప్రియమైనను నిలుపరానిది ఒకటి కలదు - రాతినార. పాత బ్రేకు పట్టీలలో, క్లచ్చిలో, కొన్ని గ్యాస్కెట్లలో అది ఉండెడిది. దాని దుమ్మును ఊది శుభ్రపరచినచో కంటికి కనరాని నారలు ఊపిరితిత్తులలో చేరి, అనేక సంవత్సరముల తరువాత ప్రాణాంతకమైన వ్యాధిని తెచ్చును. అట్టివానిని పొడిగా గీకరాదు, ఊదరాదు. తడిపి, తగు జాగ్రత్తతో తొలగించి, రాతినార లేనివి వేయవలెను. అట్లే కారును కేవలము జాకీపై నిలిపి ఎన్నడును క్రింద దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టవలెను.

రూపము నాటిది, లోహము నేటిది

ఇంతవరకు చూచినదానిని ఒక్క మాటలో చెప్పవచ్చును. యంత్రము పనిచేయు పద్ధతిని, రూపమును నిలుపవలెను. నేటి ఇంధనమునకు ఆగని పదార్థమును, ప్రాణమునకు కీడైన పదార్థమును మార్చవలెను. మన దేశములో 2021లో వచ్చిన నియమముల ప్రకారము యాభై ఏండ్లు దాటి అసలు రూపము చెడని వాహనమునకు ‘వి.ఎ.’ అను అక్షరములతో ప్రత్యేక రిజిస్ట్రేషను కలదు. ఛాసిస్, దేహము, ఇంజనులను గణనీయముగా మార్చినవాటికి ఆ గౌరవము దక్కదు. కావున ఏ మార్పు చేసినను దానిని పుస్తకములో వ్రాసి, తీసిన పాత భాగమును దాచియుంచుట మంచిది.

ఉపాధ్యాయులు విద్యార్థులను సమీపములోని మోటారు షెడ్డుకు తీసికొనిపోయి, పాత అంబాసిడర్ ఉన్నచో దాని మూత తెరిపించి చూపవచ్చును. దాని సిలిండరు వ్యాసము 73.03 మి.మీ., పిస్టను నడక 88.9 మి.మీ., సిలిండర్లు నాలుగు. విద్యార్థులు స్వయముగా లెక్క కట్టి, ఈ వ్యాసము మొదట చెప్పిన 1489 వచ్చునో లేదో చూచుకొందురు గాక.