అద్దెగది కథావస్తువు కాదా?

మా పెద్ద కొడప్‌గల్ పిల్లలను కౌలుదారు అంటే ఎవరని అడిగితే తడుముకోకుండా చెబుతారు. ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో వాళ్ళకు తెలుసు. కిరాయిదారు అంటే మాత్రం పట్నంలో గది తీసుకున్న మేనమామ గుర్తొస్తాడు. ఒకరి ఆస్తి మీద మరొకరి బతుకు ఆధారపడటం రెండు చోట్లా ఉన్నదే. అయినా కౌలుదారు మన సాహిత్యంలో పోరాట పాత్ర అయినాడు; కిరాయిదారు ఎక్కువగా హాస్యపాత్రగానే మిగిలినాడు. ఈ తేడాకు కారణం చరిత్రలో వెతకాలి.

పల్లెలో దొర ఒక్కడే, బాధితులు అనేకులు. 1946-51 తెలంగాణ రైతాంగ పోరాటానికి ఆ పరిస్థితి పునాది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. నగరంలో ఒక్కొక్క యజమానితో ఒక్కొక్కరు విడిగా బేరమాడుకుంటారు. కనుక అక్కడ పోరాటానికి ముందు ఇరుగుపొరుగు ఏర్పడాలి.

న్యూయార్కు ఈస్ట్‌సైడ్‌లో 1904లో వలస యూదు గృహిణులు అద్దె కట్టడం మానినప్పుడు జరిగింది అదే. 1915లో గ్లాస్గోలో అది మరింత విస్తరించింది. యుద్ధకాలపు పరిశ్రమలకు కార్మికులు వచ్చి పడగానే యజమానులు అద్దెలు పెంచారు. మేరీ బార్బర్ వంటి స్త్రీలు వీధివీధినా సంఘాలు కట్టారు. ఖాళీ చేయించే అధికారి వస్తే గంట మోగేది; వంటపని వదిలి అందరూ మెట్ల దగ్గర అడ్డం నిలిచేవారు. దాదాపు 20,000 కుటుంబాలు సమ్మెలో చేరాయి. నవంబరు 17న కిరాయిదారులను కోర్టుకు ఈడ్చినప్పుడు ఓడల కర్మాగారాల కార్మికులు పని ఆపి ఊరేగింపుగా వచ్చారు. కేసులు వీగిపోయాయి. డిసెంబరులో వచ్చిన చట్టం అద్దెలను యుద్ధారంభం నాటి స్థాయిలో నిలిపివేసింది. వంటిల్లూ కర్మాగారమూ కలిసినచోట గెలుపు వచ్చిందన్నది ఇక్కడ గమనించదగిన సంగతి.

మన దేశంలో బొంబాయికి 1918లో అద్దె చట్టం వచ్చింది. హైదరాబాదుకు 1954లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అంతటికీ కలిపి 1960లో వచ్చింది. కాని 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్ళను ఆ 1960 చట్టమే మినహాయించింది. కొత్త ఇళ్ళు పెరిగేకొద్దీ రక్షణ కుంచించుకుపోయింది. ఆ మినహాయింపును సుప్రీంకోర్టు 1983లో కొట్టివేసేవరకు ఇరవై ఏళ్ళకు పైగా ఒకే వీధిలో రెండు న్యాయాలు నడిచాయి.

ఒక గోడకు ఇవతలివాడికి రక్షణ ఉంది, అవతలివాడికి లేదు. ఇంతకన్నా కథావస్తువు ఏం కావాలి? ఇంటివాడి పిసినారితనాన్ని చూసి నవ్వించడంతో రచయిత పని తీరదు. ఆ గోడకు రెండువైపులా ఉన్నవాళ్ళు మొదటిసారి ఒకరినొకరు పలకరించుకున్న క్షణాన్ని అతడు పట్టుకోవాలి. సంఘం పుట్టేది అక్కడే.