గూడెక్కే దొంగలు: పెరటి కోళ్లకు, మేతకు, పండ్ల చెట్లకు రేకు కాపలా



శామీర్‌పేట వైపు ఒక ఊళ్లో సమావేశం అయ్యాక ఒక యువరైతు ఫోన్‌లో వీడియో చూపించి, "సార్, ఇది మన దగ్గర పనిచేస్తదా?" అని అడిగాడు. అది అమెరికా వీడియో. అక్కడ పెరట్లో పక్షులకు, జింకలకు గింజలు పోసే తొట్లను కడ్డీల మీద నిలబెడతారు. రాత్రి అయ్యేసరికి రకూన్ అనే జంతువు కడ్డీ పట్టుకుని ఎక్కి మేతంతా తినిపోతుంది. ముందు కాళ్లను మనిషి చేతుల్లా వాడగలదు కాబట్టి మూతలు కూడా తీసేస్తుంది. దాన్ని ఆపడానికి కడ్డీకి 8 అంగుళాల వ్యాసం, రెండున్నర అడుగుల పొడవు ఉన్న నున్నటి రేకు గొట్టం తొడుగుతారు. రకూన్‌కు పట్టు దొరకదు, జారి కిందకు దిగిపోతుంది.

మన దగ్గర రకూన్ లేదు. దాని పని చేసేవి మాత్రం తక్కువేం లేవు. సికింద్రాబాద్ చుట్టుపక్కల అల్వాల్, బొల్లారం దాటి మేడ్చల్, కీసర, ఘట్‌కేసర్ వైపు పెరటి కోళ్లు పెంచే ప్రతి ఇంట్లో ఈ నష్టం గురించి ఏదో ఒక కథ ఉంటుంది. కాబట్టి ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు: పనిచేస్తుంది. కానీ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అన్నది తెలియకుండా రేకు కొంటే డబ్బు దండగ.

ముందు దొంగ ఎవరో తెలుసుకోండి

రాత్రి కోడి పోయిందనగానే అందరూ "పిల్లి" అంటారు. పిల్లుల్లోనూ తేడాలున్నాయి. మన ప్రాంతంలో గూళ్లు, చెట్లు ఎక్కడంలో మొనగాడు మానుపిల్లి. తోకతో కలిపి మూడడుగుల పైన పొడవు, బూడిద నలుపు రంగు, సుమారు 2 నుంచి 5 కిలోల బరువు ఉంటుంది. పగలు చెట్టు తొర్రల్లో, పాత పెంకుటిళ్ల అటకల మీద పడుకుంటుంది. చీకటి పడ్డాక బయలుదేరి తెల్లవారుజాముకు తిరిగి చేరుకుంటుంది. కొందరు దీన్నే పునుగుపిల్లి అంటారు గానీ, అది వేరే జంతువు, ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. మానుపిల్లికి సపోటా, బొప్పాయి, జామ, ఈతపండ్లు ప్రాణం. కల్లు కుండల దగ్గరికి కూడా వస్తుంది, ఇంగ్లీషులో దానికి కల్లు పిల్లి అన్న పేరు అందుకే వచ్చింది. గౌడన్నలను అడగండి, చెబుతారు.

గుర్తుపట్టడం కష్టం కాదు. గూడు కింద గానీ చెట్టు కింద గానీ పండ్ల గింజలు నిండిన పెంట కనిపిస్తే అది మానుపిల్లిది. బురదలో పడిన అడుగులో ఐదు వేళ్లు ఉంటే మానుపిల్లి, నాలుగు వేళ్లు ఉండి గోళ్ల గుర్తు లేకపోతే మామూలు పిల్లి లేదా అడవిపిల్లి. పట్టపగలు కోడిపిల్లలు పోతుంటే ముంగిసను, గద్దను అనుమానించండి. కోళ్లు క్షేమంగా ఉండి తొట్టిలో దాణా మాత్రమే తగ్గుతుంటే అది ఎలుకల పని. పగలైతే ఉడుతలు.

ఎలుకను చిన్నదని వదిలేస్తాం. లెక్క చూడండి. పెట్టే కోడి రోజుకు దాదాపు 110 గ్రాముల దాణా తింటుంది. ఒక పెద్ద ఎలుక రోజుకు 20, 25 గ్రాములు తినగలదు. అంటే నాలుగైదు ఎలుకలున్న ఇంట్లో మీరు లెక్కలో లేని ఒక కోడిని మేపుతున్నట్టే, అదీ గుడ్డు పెట్టని కోడిని. తిన్నదానికంటే పాడుచేసేది ఎక్కువ. మూత్రం పడిన దాణా వల్ల కోళ్లకు రోగాలు, ఆ తొట్లు కడిగే మనుషులకు ఎలుక జ్వరం వచ్చే ప్రమాదం ఉంటుంది. ఎలుకలున్న చోటికి వాటి వెంట పాము కూడా వస్తుంది.

కీసర వైపు ఒక అక్క

మహిళా సంఘం అప్పుతో ఆమె గ్రామప్రియ కోడిపిల్లలు తెచ్చుకుంది. గ్రామప్రియ, వనరాజా రెండూ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలని మీలో చాలామందికి తెలుసు. రాతి కడీల మీద నాలుగడుగుల ఎత్తులో చక్కటి గూడు కట్టించింది. కోళ్లు గుడ్లకు వచ్చిన నెలలోనే మూడు రాత్రుల్లో ఆరు కోళ్లు పోయాయి. వాయిదా మాత్రం ఆగదు కదా.

నేను వెళ్లి చూస్తే గూడు ఎత్తు బాగానే ఉంది. కానీ కోళ్లు ఎక్కడానికి పెట్టిన చెక్క నిచ్చెన రాత్రి కూడా అలాగే ఉంది. పక్కనే కట్టెల మోపు. గూటి కడీ నుంచి ఇంటి చూరుకు బట్టలారేసే తీగ. గూటికి కొట్టింది ఆరు మూలల సన్నటి కోళ్ల జాలీ. ఆ జాలీ కోడిని లోపల ఉంచడానికి సరిపోతుంది గానీ బయటి జంతువును ఆపలేదు. మానుపిల్లి పళ్లతో, గోళ్లతో లాగితే విడిపోతుంది, ఎలుక అందులోంచి నేరుగా దూరుతుంది. అంటే దొంగకు మూడు దారులు, ఒక తలుపు మనమే ఇచ్చాం.

ఆమె ఇంట్లో మొదట చేయించింది రేకు పని కాదు. జాలీ మార్పించాం. అర అంగుళం కన్నం ఉండే వెల్డెడ్ జీఐ జాలీ నాలుగు వైపులా, అడుగున కూడా. పెద్ద ఎలుక, పాము, పిల్లి అన్నీ దాంతో ఆగుతాయి. చిట్టెలుకకు పావు అంగుళం సందు చాలు, కాబట్టి దాణా ఉంచే చోట ఇంకా చిన్న కన్నం జాలీ వాడాలి. తలుపుకు కొక్కెం కాదు, గడియ పెట్టి అందులో మేకు గానీ చిన్న తాళం గానీ వేయండి. కోతులున్న ఊళ్లలో కొక్కెం ఒక్క రోజు కూడా నిలవదు.

రేకు గొడుగు ఎలా చేయాలి

జాలీ పని అయ్యాక గూటి కాళ్లకు గొడుగులు. మన పాత గరిసెల కాళ్లకు కూడా ఇలాంటి ఏర్పాటే పనికొస్తుంది. ఎలుక నిలువుగా రెండు, రెండున్నర అడుగులు ఎగరగలదు కాబట్టి గొడుగు కింది అంచు నేల నుంచి 3 అడుగుల ఎత్తులో ఉండాలి. అంచు కాలి నుంచి చుట్టూ కనీసం 10 అంగుళాలు బయటకు రావాలి.

నాలుగు అంగుళాల గుండ్రటి కాలికి కొలతలు చెబుతాను, రాసుకోండి. మూడడుగుల చదరపు 26 గేజ్ జీఐ రేకు తీసుకుని అందులో 18 అంగుళాల వ్యాసార్ధంతో పెద్ద వృత్తం గీయాలి. అదే కేంద్రం నుంచి రెండుముప్పావు అంగుళాల వ్యాసార్ధంతో చిన్న వృత్తం గీసి కత్తిరించి తీసేయాలి. ఇప్పుడు రొట్టెలో పావు ముక్క తీసినట్టు పెద్ద వృత్తంలో పావు భాగం తీసేయండి. ఒక పక్క అంగుళం రేకు అదనంగా ఉంచుకోవాలి, దాని మీద రెండో అంచు ఎక్కించి రివిట్లు కొట్టడానికి. కాలి చుట్టూ తిప్పి బిగిస్తే బోర్లించిన గరాటులా వస్తుంది. అంచు కాలి నుంచి దాదాపు 11 అంగుళాలు బయటకు, పైనుంచి దాదాపు 10 అంగుళాల లోతుకు దిగుతుంది. గూటి అడుగు నేలకు నాలుగడుగుల ఎత్తులో ఉంటే గొడుగును అడుగుకు ఆనించి బిగించండి, కింది అంచు మూడడుగులకు కాస్త పైనే ఉంటుంది. అంచును లోపలికి మడిచి సుత్తితో కొట్టించడం మరవకండి, పిల్లల చేతులు తెగుతాయి. కాలికి, రేకుకు మధ్య సందు మిగిలితే సిమెంటుతో మూసేయాలి. చదరపు కడీకైతే కొలత మారుతుంది, ముందు అట్టముక్కతో ఒకటి చేసి సరిచూసుకుని తర్వాత రేకు కోయించండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ గొడుగు ఎలుకను, ఉడుతను పాకనివ్వదు. పిల్లి జాతి జంతువు నాలుగడుగుల ఎత్తుకు నేల నుంచే దూకగలదు. అందుకే జాలీ ముందు, గొడుగు తర్వాత. డబ్బు ఒకదానికే ఉంటే జాలీకే పెట్టండి. పందికొక్కు ఎక్కదు, తవ్వుతుంది, దానికి గొడుగుతో పనిలేదు.

కాలికి గ్రీజు, ఆముదం, కారం పూయమని చెప్పేవాళ్లున్నారు. వద్దు. ఎండకు కరిగి కారుతుంది, వానకు పోతుంది, కోళ్ల ఈకలకు అంటుకుంటుంది.

చెట్లకు పట్టీ

సపోటా, కొబ్బరి చెట్లకు గొడుగు కంటే నున్నటి రేకు పట్టీ సులువు. ఇక్కడ నేనే ఒకసారి తప్పు సలహా ఇచ్చాను. ఒక సపోటా చెట్టుకు అడుగు వెడల్పు పట్టీ చాలని చెప్పాను. ఎలుకలు ఆగాయి గానీ పండ్లు పోతూనే ఉన్నాయి. మానుపిల్లి వెనక కాళ్లు పట్టీ కిందే ఉంచి, ఒళ్లు సాచి పై బెరడు అందుకుంటోంది. అప్పటి నుంచి మూడడుగుల వెడల్పు తక్కువ వద్దంటున్నాను. కొబ్బరికైతే పట్టీని నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో కట్టాలి. రేకు లేనివారు అదే ఎత్తులో సర్కారు తుమ్మ కంప చుట్టినా కొంతవరకు పనిచేస్తుంది.

కొబ్బరి మాను లావెక్కదు కాబట్టి ఒకసారి బిగిస్తే సరి. మామిడి, సపోటా, జామ ఏటా లావెక్కుతాయి. వాటికి మేకులు కొట్టకుండా, రేకు అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వదిలి, స్ప్రింగుతో గానీ వదులు తీగతో గానీ కట్టి, ఏడాదికోసారి సడలించండి. లేకపోతే పట్టీ బెరడులోకి దిగి చెట్టునే చంపుతుంది.

పక్క చెట్టు కొమ్మ, గోడ, కరెంటు స్తంభం, ఇంటి కప్పు ఎనిమిది, పదడుగుల లోపు ఉంటే పట్టీ వల్ల లాభం లేదు, అక్కడి నుంచి దూకుతాయి. గుబురు తోటలో ప్రతి చెట్టుకూ పట్టీ కట్టడం వృథా. అక్కడ పక్వానికి వచ్చిన కాయలను ఒకటి రెండు రోజులు ముందే కోసి ఇంట్లో మాగేయడమే మేలు.

రాత్రి తొట్టి ఖాళీగా ఉండాలి

ఖర్చు లేని పని ఇది. చీకటి పడేలోపు మిగిలిన దాణా తీసి మూత గట్టిగా పడే ఇనుప డ్రమ్ములో పోయండి. గోనె సంచి గోడకు ఆనించి పెడితే ఎలుకకు అన్నం వడ్డించినట్టే. కింద రాలిన గింజలు ఊడవండి. నిచ్చెన తీసి పక్కన పెట్టండి. వానాకాలంలో డ్రమ్ములో తేమ చేరితే దాణాకు బూజు పడుతుంది, బూజు పట్టిన దాణా కోళ్లకు పెట్టకూడదు.

ఇవి మాత్రం చేయకండి

కంచెకు కరెంటు తీగ తగిలించడం మొదటిది. పందుల కోసమో పిల్లి కోసమో పెట్టిన తీగకు తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన ఇంటి మనిషే బలైన సంఘటనలు మన రాష్ట్రంలో ఉన్నాయి. అది నేరం కూడా.

రెండోది, చచ్చిన కోడికి విషం పూసి పెట్టడం. మానుపిల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, చంపితే కేసవుతుంది. పైగా ఆ విషం తినేది ముందు మీ కుక్కే. మానుపిల్లి ఎలుకలనూ తింటుంది, తిన్న పండ్ల గింజలను దూరంగా చల్లి చెట్లు మొలిపిస్తుంది. మన గూటి జోలికి రాకుండా చూసుకుంటే చాలు. పొరపాటున గదిలో చిక్కితే కొట్టకుండా తలుపు తీసి దీపం ఆర్పండి, రాత్రికి దానంతటదే పోతుంది. పోకపోతే అటవీ శాఖ వారికి చెప్పండి.

ఎలుకల మందు విషయంలోనూ జాగ్రత్త. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు, కోళ్లు తిరిగే పెరట్లో దాన్ని వాడనే వద్దు. బ్రోమడయోలోన్ బిళ్లలు వాడితే కోళ్లకు అందని పెట్టెలో పెట్టి, చచ్చిన ఎలుకలను రోజూ ఏరి పూడ్చాలి. లేకపోతే వాటిని తిన్న గుడ్లగూబలు పోతాయి. ఒక్క ఇల్లు మందు పెడితే పక్కింటి ఎలుకలు వారంలో వచ్చి చేరతాయి, ఊరంతా ఒకేసారి చేస్తేనే ఫలితం.

అన్నీ బిగించాక వారం రోజులు సాయంత్రం గూటి చుట్టూ, కాళ్ల మొదళ్ల దగ్గర ముగ్గుపిండి పలచగా చల్లండి. పొద్దున్నే అడుగులు చూడండి. కాలి చుట్టూ తిరిగి వెనక్కి పోయినట్టుంటే గొడుగు పనిచేసింది. అడుగులు కాలి దగ్గర ఆగిపోయి, పైన దాణా తగ్గి ఉంటే ఎక్కడో సందు ఉంది. అడుగుల ఫోటో తీసి, పక్కన అగ్గిపెట్టె పెట్టి మరీ తీయండి, కొలత తెలుస్తుంది. ఆ ఫోటో మీ పశువైద్య ఉపకేంద్రంలో గానీ వ్యవసాయ విస్తరణ అధికారికి గానీ చూపిస్తే ఏ జంతువో చెప్పగలుగుతాం.