పట్టువిడుపులెరిగిన దిమ్మ

ఆగివున్న బస్సులో కిటికీ అద్దాలు గడగడలాడతాయి. బస్సు కదిలి వేగం పుంజుకోగానే ఆ రొద చాలావరకు సద్దుమణుగుతుంది. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడే వాహనం ఎక్కువగా వణకడమెందుకు?

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 750 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. అందులో సెకనుకు 25 సార్లు ఇంధనం మండుతుంది. ప్రతి మంటా ఇంజనును ఒకసారి కుదుపుతుంది. 3,000 చుట్ల వేగంలో ఆ కుదుపులు సెకనుకు 100. ఇంత వేగమైన కుదుపులను మెత్తని దిమ్మ సులభంగా మింగివేస్తుంది. నెమ్మదైన కుదుపులు మాత్రం ఇంజనూ, వాహనమూ సహజంగా ఊగే వేగానికి దగ్గరవుతాయి. ఉయ్యాలను దాని లయ కనిపెట్టి తోస్తే ఊపు హెచ్చినట్లే, ఇక్కడ వణుకు హెచ్చుతుంది.

ఈ కుదుపులను చట్రానికి చేరకుండా ఆపే దిమ్మనే మెకానిక్కులు ‘ఇంజను మౌంటింగు’ అంటారు. 1931లో అమెరికాలోని క్రైస్లర్ సంస్థ, ప్లిమత్ కారు ఇంజను తన సహజమైన అక్షం చుట్టూ ఊగగలిగేటట్లు రబ్బరు దిమ్మలపై నిలిపి, ఆ ఏర్పాటుకు ‘ఫ్లోటింగ్ పవర్’ అని పేరు పెట్టింది. మరుసటి సంవత్సరం ఫ్రాన్సులోని సిట్రోయెన్ సంస్థ ఆ పద్ధతిని స్వీకరించింది.

అయితే రబ్బరుతో ఒక చిక్కు ఉంది. అది మెత్తనైతే గతుకుల్లో ఇంజను ఎగిరెగిరి పడుతుంది. గట్టిదైతే సన్నని వణుకు కూడా సీటుదాకా పాకుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం!

ఈ తగవును ద్రవం తీర్చింది. దిమ్మలో రెండు గదులు, వాటి నడుమ సన్నని వంకర కాలువ ఉంటాయి. పెద్ద కుదుపు తగిలినప్పుడు ద్రవం ఆ ఇరుకు కాలువగుండా ఒక గదినుంచి మరొకదానికి తోసుకుపోతూ కుదుపు బలాన్ని హరిస్తుంది. చిన్న వణుకు వస్తే, గదుల మధ్యనున్న పలుచని పొర కొద్దిగా కదిలి దానిని తనలోనే ఇముడ్చుకుంటుంది.

కాని ఈ దిమ్మ గుణం తయారైననాడే నిర్ణయమైపోతుంది. ప్రయాణంలోనే దానిని మార్చే ఉపాయానికి బీజం 1948నాటిది. నూనెలో మెత్తని ఇనుపరజను కలిపి అయస్కాంత ప్రభావానికి లోనుచేస్తే, రేణువులు గొలుసులు కట్టి ద్రవం క్షణంలో చిక్కబడుతుందనీ, ఆ ప్రభావం తొలగితే మళ్ళీ పలుచనవుతుందనీ అమెరికాలో జేకబ్ రాబినో చూపాడు. 2009లో పోర్షే సంస్థ 911 జీటీ3 కారు ఇంజను దిమ్మల్లో ఇటువంటి ద్రవాన్నే వాడింది. మలుపుల్లో దిమ్మ బిగుసుకుంటుంది. తిన్నని బాటలో సడలుతుంది.

ఇది కేవలం విలాసం కాదు. 2003లో జపానులో వెలువడిన హోండా ఇన్‌స్పయిర్ కారు నిలకడగా సాగేటప్పుడు తన ఆరు సిలిండర్లలో మూడింటికి విశ్రాంతినిస్తుంది. ఇంధనం ఆదా అవుతుంది, వణుకు పెరుగుతుంది. దాన్ని అణచడానికి కంప్యూటరు ఆజ్ఞపై కుదుపుకు ఎదురొడ్డి కదిలే ద్రవపు దిమ్మలను అమర్చారు. అవి లేకుంటే ఆ ఆదాను ప్రయాణికుల సుఖంతో కొనుక్కోవలసి వచ్చేది.

ఏ దిమ్మా శాశ్వతం కాదు. రబ్బరు పగులుతుంది, ద్రవం కారిపోతుంది. ఆగివున్న కారులో వణుకు హెచ్చినా, గేరు మార్చినప్పుడల్లా ‘ధన్’మని చప్పుడైనా, ఇంజను విప్పించేముందు ఒకసారి దిమ్మలను పరీక్షింపజేయండి.